పక్కన నిలబడి విన్నవాళ్ళు

మైకు సెట్టు నడిపేవాడికి పాట అన్నిటికంటే చివర వినిపిస్తుంది. ముందు వినిపించేవి వేరే ఉంటాయి. వైరు వదులైతే వచ్చే గరగర, బ్యాటరీ దిగుతుంటే గొంతులోకి పాకే నీరసం, మైకు పోయి గొట్టం ఎదుట పడితే పుట్టే కూత. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నా దుకాణం నడిచినన్నాళ్ళూ రామనవమికీ, పీరీల పండుగకీ, చర్చి కూడికలకీ, పార్టీల సభలకీ అదే ఆహూజా ఆంప్లిఫయరు, అవే రేకు గొట్టాలు పంపాను. పొద్దున భజనకు పోయిన గొట్టమే రాత్రి దేవుడు లేడని చెప్పే సభకూ పోయేది. ఎవరి గొంతు వచ్చినా దాన్ని పెంచి వదలడమే దాని పని. గుళ్ళో భజన సాగుతున్నప్పుడు జనంలో ఒక మార్పు వస్తుంది, అందరి ఊపిరీ ఒక్కచోట కలుస్తుంది. విప్లవ పాటల సభలోనూ అదే మార్పు చూశాను. అప్పటి నుంచి నా లోపల ఒక ప్రశ్న ఉంది. ఈ రెండూ ఒకటేనా? పాట ముగిసి, జనం ఇళ్ళకు పోయి, కొన్నేళ్ళకు పాడినవాడు కూడా పోయాక, విన్నవాళ్ళు కూర్చుని దాన్ని తలచుకుంటుంటే ఆ పనిని ఏమనాలి? ఊసుపోక కబుర్లనాలా, పూజ అనాలా?

ఆ విప్లవ పాటలు పాడిన గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఎల్బీ స్టేడియంలో ఉంచిన ఆయనను జనం చూసుకున్నారు. తర్వాత అల్వాల్‌లో ఆయన స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే, బౌద్ధ పద్ధతిలో భూమిలో పెట్టారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గర ఆయన మీద పేల్చిన తూటాల్లో ఒకటి వెన్నులోనే ఉండిపోయింది, ఆయనతోపాటే మట్టిలోకి పోయింది. ఆయన చనిపోయిన నెల నుంచే మా ఊళ్ళో ఒక అలవాటు మొదలైంది. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాటల బృందం జననాట్యమండలి సభకు ఇక్కడి నుంచి కలిసిపోయిన మేము, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్ళం, సాయంత్రం చాయ్ హోటల్లో కూర్చుని ఆ రాత్రిని ఎత్తుకోవడం.

ఆ సభ సంగతి కుర్రవాళ్ళకు తెలియదు కాబట్టి చెప్పాలి. 1985లో కారంచేడు దళితుల హత్యాకాండ జరిగిన కాలంలోనే గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్ళారు. తర్వాత ఊళ్ళలో ఆయన గొంతు క్యాసెట్లలోనే వినిపించేది, అది కూడా తలుపులు మూసుకుని, చిన్నగా పెట్టుకుని. మర్రి చెన్నారెడ్డి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక ఆంక్షలు సడలాయి. అప్పుడు నిజాం కాలేజీ మైదానంలో ఆ మనిషి భుజాన గొంగడితో, చేతిలో కర్రతో, కాళ్ళకు గజ్జెలతో బయటికొచ్చి నిలబడ్డాడు. వచ్చిన జనం రెండు లక్షలని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు. నేను లెక్కపెట్టలేదు. వెనక్కి తిరిగి చూస్తే తలలే కనబడ్డాయి, నేల కనబడలేదు. ఆయన పాట పాట లాగా మొదలై మధ్యలో మాట అయ్యేది, మాట నుంచి మళ్ళీ పాట అయ్యేది. ఎక్కడ తాళం ఎత్తుకోవాలో డప్పు వాయించేవాళ్ళకు ఆయన కాలి కదలికే చెప్పేది.

మా మాటలు ఇలా నడుస్తాయి.

"మనం లారీల పోయినం."

"లారీ ఏడిదే? బస్సు టాపు మీద గూసున్నం. నా చెప్పు గాడనే వోయింది."

"మధ్యల కరెంటు వోయింది, యాదికున్నదా?"

"ఏం వోయింది! జనరేటర్ మీద నడిచింది. అడుగు మన మైకాయన్ని, ఆయనకు ఎర్కుంటది."

ఆ మైకాయన నేనే. నాకూ ఖాయంగా తెలియదు. ఎవరూ తగ్గరు. చప్పుడు పెరిగి హోటలాయన వచ్చి గ్లాసులు ఎత్తుకుపోయేదాకా సాగుతుంది.

పక్క బల్ల మీద పేపరు చదువుకుంటూ మా మాటలు వినే సారు ఒకరున్నారు. సర్కారు బడిలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనారు. ఆయన ఒకరోజు పేపరు మడిచి, "మీరు ఎంత గట్టిగా అరిచినా అది సాక్ష్యం కాదయ్యా. జ్ఞాపకానికి తర్కశాస్త్రంలో ప్రమాణమనే హోదా లేదు" అన్నారు. మర్నాడు నాకొక పుస్తకం తెచ్చిచ్చారు. అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, తెలుగు తాత్పర్యంతో. అన్నంభట్టు మన తెలుగువాడే, 17వ శతాబ్దం మనిషి. కాశీలో కూడా తర్కం నేర్చుకునే పిల్లలు ఇవాళ్టికీ ఆయన చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారని సారు చెప్పారు. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. అయినా ఆ పుస్తకంలో శబ్దం గురించిన భాగానికి వచ్చేసరికి, నా వృత్తి గురించి మూడు వందల ఏళ్ళ కింద ఎవరో రాసి పెట్టినట్టు అనిపించింది. శబ్దం ఆకాశానికి గుణం, చెవితో మాత్రమే తెలిసేది. అది రెండు రకాలు. భేరి లాంటి వాటి నుంచి వచ్చేది ధ్వని, మాటలో ఉండేది వర్ణం. గద్దర్ సభలో డప్పు మొదటిది, పాట రెండోది. ఈ రెండూ ఒకే వైరులో పోతుంటే విడిగా వినిపించేలా చూడటమే మా పనితనం.

అదే పుస్తకం జ్ఞానాన్ని రెండు భాగాలు చేసి అనుభవాన్ని ఒక పక్క, స్మృతిని ఒక పక్క పెట్టింది. అనుభవం జరిగినప్పుడు ఆత్మలో ఒక సంస్కారం పడుతుంది. కేవలం ఆ సంస్కారం నుంచి పుట్టే జ్ఞానం స్మృతి. అది కొత్తగా ఏదీ తెలియజేయదు, అందుకే ప్రమాణాల వరుసలో దానికి చోటు లేదు. సారు మాటకు ఆధారం ఇదే. కోర్టులో సాక్ష్యం సంగతైతే నేను ఆయన వైపే ఉంటాను.

మాలో ఒకడు మాత్రం ఒప్పుకోలేదు. "గద్దరన్న పాట ఏడికి వోతది సారూ? గాలిలనే ఉంటది" అన్నాడు. సారు ముఖం వెలిగింది. ఇదే మాట పెద్ద పెద్దవాళ్ళు అన్నారట. జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు, దాని మీద వార్తికం రాసిన కుమారిలుడు. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులు వీళ్ళు. వాళ్ళ లెక్కలో శబ్దం నిత్యం. గొంతు దాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని వెలికి తెస్తుంది, అంతే. వెలికి తెచ్చే ధ్వని ఆగిపోతుంది కానీ శబ్దం ఎక్కడికీ పోదు. న్యాయశాస్త్రం, అంటే ఈ తర్కం వాళ్ళు, దీన్ని ఎదిరించారు. పుట్టిన ప్రతిదీ పోతుంది, శబ్దం పుడుతుంది, కనుక పోతుంది అన్నారు. మరి దూరాన ఉన్నవాడికి ఎలా వినిపిస్తుంది? మొదటి శబ్దం రెండోదాన్ని పుట్టించి తాను నశిస్తుంది, రెండోది మూడోదాన్ని పుట్టించి నశిస్తుంది. చెరువులో రాయి వేస్తే అల అలను కంటూ గట్టు దాకా వచ్చినట్టు. వీచీతరంగ న్యాయం అని దీని పేరు. మా ఊరి పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. నా వయసులో ఎక్కువ ఏళ్ళు అది ఎండి, అడుగు పగిలే ఉంది. కాబట్టి ఈ పోలికను గట్టు మీద నిలబడి చూపించే వీలు మా పిల్లలకు చాలాకాలం లేకపోయింది.

నేను న్యాయశాస్త్రం వైపు మొగ్గాను. కారణం నా చెవులు. గాలిలో వంద మీటర్లు పోవడానికి ధ్వనికి దాదాపు 0.3 సెకను పడుతుంది. వైరులో కరెంటుకు ఆ ఆలస్యం ఉండదు. అందుకే పెద్ద మైదానంలో వెనక నిలబడితే దగ్గరి గొట్టం ముందు పలుకుతుంది, వేదిక పక్కన ఉన్న గొట్టం అదే మాటను వెనకే మళ్ళీ అంటుంది. ఒకే మాట రెండుసార్లు పుట్టి రెండుసార్లు పోవడం నేను రోజూ విన్నాను. నిత్యమైనది అలా తడబడదు. న్యాయశాస్త్రం చెప్పేదాన్ని చివరిదాకా పట్టుకుపోతే ఇంకో సంగతి తేలుతుంది. గద్దర్ నోట మొదట పుట్టిన శబ్దాన్ని ఆ రాత్రి ఎవరూ వినలేదు, వేదిక ముందు నేల మీద కూర్చున్నవాళ్ళతో సహా. ప్రతి చెవికీ అందింది దాని సంతానమే. అలాంటప్పుడు లారీ అని ఒకడు, బస్సు అని ఒకడు ఇవాళ చెప్పేవి కూడా ఆ వరుసలో ఇంకా పుడుతున్న అలలే అని నాకు తోస్తుంది. తేడాలు ఉంటాయి. సంతానంలో తేడాలు ఉండవా?

మీమాంసకుల మాట వదులుకోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం కోపంతో కూడింది. వేదాన్ని ఎవరూ రాయలేదనడానికి వాళ్ళు చూపిన రుజువుల్లో ఒకటి, రాసినవాడు ఎవరికీ గుర్తులేడు అనేది. గుర్తుంటే చెప్పుకునేవాళ్ళం, గుర్తులేడు కాబట్టి లేడు. మా భూమి సినిమాలో బండెనక బండి పాటను తెర మీద గద్దర్ పాడారు. ఊళ్ళలో అడిగి చూడండి, అది గద్దర్ పాటే అంటారు. నిజాం మీద సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లో దాన్ని కట్టినవాడు బండి యాదగిరి. జనం మరిచిపోయారు గనుక ఆ మనిషి లేకుండా పోతాడా? పని చేసినవాడి పేరు చెరిపేసి పనిని మాత్రం పొగిడే అలవాటు మన దగ్గర చాలా పాతది, కులంతో ముడిపడింది. పాట నిత్యమని ఒప్పుకుంటే దాన్ని కట్టినవాడి చెమట లెక్కలోకి రాకుండా పోతుంది. నాకది ఇష్టం లేదు.

మా తమ్ముడి కొడుకు సౌండ్ ఇంజనీరు. ఇప్పటి పెద్ద కచేరీలకు స్పీకర్లు వరుసగా వేలాడదీసి, ఆ 0.3 సెకను తడబాటును కంప్యూటరుతో సరిచేసేవాడు. వాడొకసారి నాకు బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం సంగతి చెప్పాడు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో వాళ్ళ కచేరీకి 55 వేల మందికి పైగా వచ్చారు. వాళ్ళ కోసమని 100 వాట్ల వాక్స్ ఆంప్లిఫయర్లు తెచ్చారు. గొంతులు మాత్రం ఆటల ప్రకటనలకు వాడే స్టేడియం స్పీకర్లలోంచి పోయాయి. జనం అరుపుల్లో పాడేవాళ్ళకే తమ పాట వినబడలేదు. మరుసటి ఏడు ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో క్యాండిల్‌స్టిక్ పార్కు కచేరీతో వాళ్ళు ఊళ్ళు తిరిగి పాడటమే మానుకున్నారు. ఇంతవరకు మైకువాడిగా నాకు బాధ. ఆశ్చర్యం తర్వాతిది. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా తమ బతుకులో అంతటి రాత్రి లేదని చెప్పుకుంటారు. పాటే సరిగ్గా వినబడలేదు కదా, దేన్ని తలచుకుంటున్నారు?

సారు దగ్గరికి ఈ ప్రశ్న తీసుకుపోయాను. విననిదానికి సంస్కారం పడదు, తర్కం ప్రకారం అది ఖాయం అన్నారు. "మరి వాళ్ళ లోపల పడింది ఏంది సారూ?" అన్నాను. ఆయన గౌతముడి న్యాయసూత్రాలు తీశారు. మూడో అధ్యాయంలో జ్ఞాపకం ఎందువల్ల మేల్కొంటుందో గౌతముడు ఇరవైకి పైగా కారణాలు వరసగా చెప్పాడు. మనసు నిలపడం, పదేపదే చేయడం, గుర్తు, పోలిక, ఎడబాటు, సుఖం, దుఃఖం, భయం ఇలా పోతుంది. సంస్కారం లోపల ఉన్నంత మాత్రాన జ్ఞాపకం రాదు, దాన్ని లేపేది ఒకటి కావాలి, దాన్ని ఉద్బోధకం అంటారు. ఆ వరుసలో ఒకచోట ఏకకార్యం అని ఉంది. ఒకే పని కలిసి చేసినవాళ్ళలో ఒకరిని చూస్తే ఇంకొకరు గుర్తుకు రావడం.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అంత పొడి శాస్త్రంలో, నిప్పుకు పొగ ఎలా గుర్తో తేల్చుకునే పుస్తకంలో, తోటివాడికి చోటుంది. షే స్టేడియంలో వాళ్ళకు కలిగిన అనుభవం పక్కవాళ్ళతో కలిసి నిలబడి గొంతు చించుకోవడం. నిజాం కాలేజీ మైదానంలో వెనక ఉన్న మాకు మాటలు సగమే అందాయి. మిగతా సగం మా చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుని పాడితే విన్నాము. లోపల పడిన ముద్ర అదీ. దాన్ని లేపాలంటే అక్కడ ఉన్నవాడే కావాలి. సాయంత్రమైతే కాళ్ళు చాయ్ హోటల్ వైపు ఎందుకు పోతాయో నాకప్పుడు తెలిసింది. నాలో ఉన్నదాన్ని లేపగల మనుషులు అక్కడున్నారు.

క్యాసెట్టు ఉంది కదా అంటారు. నా దగ్గరా ఉంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1984 నుంచి తమ కచేరీల్లో టేపు చేసుకునేవాళ్ళకు ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. ఆ అభిమానులు టేపులను అమ్ముకోకుండా ఒకరికొకరు పంచుకున్నారు. జననాట్యమండలి క్యాసెట్లు మా ఊళ్ళలో చేతులు మారినట్టే. టేపు విలువ నాకు తెలుసు. అయితే ఒంటరిగా పెట్టుకుని వింటే నాకు గరగర వినిపిస్తుంది, రికార్డింగులో తప్పులు వినిపిస్తాయి. నలుగురం కూర్చుని పెట్టుకుంటే ఆ రాత్రి లేస్తుంది.

దీనిలో ఒక నష్టం ఉంది. మాలో ఒకడు పోయినేడు చనిపోయాడు. బండి దిగేటప్పుడు జరిగిన ఏదో సంగతి వాడే చెప్పేవాడు, మేమంతా పడి పడి నవ్వేవాళ్ళం. నవ్వడం గుర్తుంది. సంగతి ఏమిటో నాకు గుర్తులేదు, మిగిలినవాళ్ళకూ గుర్తులేదు. సంస్కారం ఎక్కడో ఉండే ఉంటుంది. లేపేవాడు లేడు.

ఇక పూజ సంగతి. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది వినడం, రెండోది పాడటం, మూడోది తలచుకోవడం. ఆ వరుస చూసి, మేము చేసేదీ మూడోదే కదా అన్నాను. సారు గట్టిగా కాదన్నారు. "దేవుణ్ణి తలచుకుంటే దేవుడు అక్కడే ఉంటాడు. మీరు తలచుకుంటే గద్దర్ రాడు కదయ్యా" అన్నారు. ఇది తేలిక మాట కాదు. భజనలో ఉన్నవాడికి తలపే దర్శనం, వాడికి ఎడబాటు కూడా దేవుడి ఆటే. మాకు ఎడబాటు ఖాయం. బౌద్ధ పద్ధతిలో మట్టిలో కలిసిన మనిషిని, అన్నీ అనిత్యమని చెప్పే ఆ నేలలోంచి నేను లేపలేను, లేపాలనీ లేదు. చివరి ఏళ్ళలో ఆయన యాదాద్రి గుడికి పోయినప్పుడు పాత తోటివాళ్ళలో కొందరు నొచ్చుకున్నారు. నాకు అందులో తప్పు కనబడలేదు. జీవితమంతా జనం మధ్య పాడిన మనిషి, జనం చేతులు జోడించే చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

సారుకు నేనిచ్చిన జవాబు మాత్రం మీమాంసకుల దగ్గర నుంచే తీసుకున్నాను. శబ్దం నిత్యమన్న వాళ్ళ మాట ఒప్పుకోను గానీ, వాళ్ళది ఇంకో మాట ఉంది, దానికి తల వంచుతాను. వేదవాక్యంలో ముఖ్యమైనది విధి, అంటే ఈ పని చెయ్యి అని మనిషిని కదిలించేది. మిగతా వర్ణన అంతా దానికి తోడుగా వచ్చేదే. ఆ రాత్రి పాటల్లోనూ ఆ కదిలించడం ఉంది. ఆడపిల్ల పుట్టిందని ఇంటిల్లిపాదీ మొహం తిప్పుకుంటే తల్లి పడే బాధ మీద ఆయన పాడే పాట ఒకటుంది. మాలో ఒకడికి అప్పటికే ఇద్దరు బిడ్డలు, కొడుకు కోసం భార్యను పోరుతున్నాడు. తిరుగు దారిలో వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ పోరు మానేశాడు. ఇద్దరినీ చదివించాడు. చాయ్ హోటల్లో ఆ పాట ప్రస్తావన వస్తే వాడు వాదించడు, లారీనా బస్సా అన్న గొడవలోకి రాడు, గ్లాసు వైపు చూస్తూ కూర్చుంటాడు. దర్శనం అంటూ మాకేదైనా మిగిలి ఉంటే అది ఆ మనిషిలో ఉంది. దేవుడు వచ్చి నిలబడటం వేరు, విధి వచ్చి నిలబడటం వేరు. మాకు దక్కింది రెండోది. దాన్ని పూజ అనడానికి నాకు సంకోచం లేదు. సారుకు ఇంకా ఉంది.

మా కూతురి బిడ్డ ఇంజనీరింగు చదువుతుంది. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లీషు పాటల గాయకుడు ఎడ్ షీరన్ కచేరీకి పోయింది. మా మండలానికి పక్కదే అబ్దుల్లాపూర్‌మెట్, అక్కడే. ఆయన గిటారుతో ఒక్కడే నిలబడి, కాలి కింద పెట్టెలో తన గొంతునే అప్పటికప్పుడు పట్టి, మళ్ళీ మళ్ళీ తిప్పుతూ దాని మీద పాడుతాడట. ఆ పెట్టె గురించి నేను చాలా అడిగాను. ఫోనులో వీడియోలు చూపించింది. చూశాను, బాగున్నాయి. తెలుగు పాట చుట్టమల్లేను శిల్పా రావుతో కలిసి ఆయన బెంగళూరులో పాడాడనీ, మన దగ్గర పాడలేదనీ ఆమెకు ఇప్పటికీ దిగులే.

"నీ పక్కన ఎవరు నిలబడ్డరు బిడ్డా?" అని అడిగాను.

"ఎవరో అక్క తాతా, విజయవాడ నుంచి వచ్చింది. అంతకుముందు తెల్వదు. ఇద్దరం మొత్తం కలిసి పాడినం."

"మళ్ళ కలిసినవా?"

"లేదు. మెసేజ్‌లు చేస్కుంటం. మొన్న వాయిస్ పెట్టింది, ఒక పాట మొత్తం మనం తప్పు పాడినమంట, లిరిక్స్ చూసిందంట. నేనొప్పుకోలే. ఇంకా కొట్లాట నడుస్తుంది."